కత్తిరించిన క్రిస్మస్

పోయిన వారం మనం నదీమ్‌ను ముత్తంగిలో, గోదాముల వెనక వీధిలో, మల్లేష్ ఇంటి ముందు బండికి స్టాండు వేస్తుండగా వదిలేశాం. చేతిలో కేకు డబ్బా. మొహం మీద ఏటా ఈ రోజున వేసుకొచ్చే నవ్వు. ఆ నవ్వు వెనక ఏముందో ఇన్ని వారాలుగా చదువుతున్న వాళ్ళకు తెలుసు. ఇవాళే ఈ పేజీ తెరిచిన వాళ్ళ కోసం నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను.

పన్నెండేళ్ళ కిందట, డిసెంబరు ఇరవై అయిదున, బొల్లారంలోని మందుల కంపెనీలో నదీమ్‌కు రెండో షిఫ్టు పడింది. ఆ పొద్దున అతను అదే కంపెనీలో పనిచేసే దోస్తు మల్లేష్ దగ్గరికి ఉరికి వచ్చి, తల్లికి ఛాతీలో నొప్పి లేచిందనీ, సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోవాలనీ, తన షిఫ్టు తనకు బదులు చెయ్యమనీ అడిగాడు. మల్లేష్ మారుమాట లేకుండా కంపెనీ బస్సెక్కాడు. సాయంత్రం నాలుగూ ఇరవైకి మూడో నంబరు రియాక్టరుకున్న సైట్ గ్లాసు, లోపల మరిగేది కనబడడానికి పెట్టే మందపాటి అద్దం, పగిలింది. కాగే కాస్టిక్ సోడా మల్లేష్ మొహాన కొట్టింది. ప్రాణం మిగిలింది. కళ్ళు రెండూ పోయాయి.

ఆ సమయానికి నదీమ్ తల్లి రషీదున్నీసా తన ఇంట్లో నిక్షేపంగా కూర్చుని బియ్యం ఏరుతోంది. నదీమ్ పటాన్‌చెరులో మ్యాట్నీ చూస్తున్నాడు. పక్క సీట్లో ఖుష్నుమా. అప్పటికి సంబంధం కుదిరింది, నిఖా కాలేదు. ఇప్పుడు ఆమె అతని భార్య. ఆ సినిమా సంగతి ఆమెకు తెలుసు, దాని కోసం చెప్పిన అబద్ధం సంగతి తెలియదు. రషీదున్నీసాకైతే తన గుండెకు జబ్బు వచ్చిన సంగతే తెలియదు. ఈ రెండు ఇళ్ళ ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోకుండా నదీమ్ పన్నెండేళ్ళుగా కాపలా కాస్తున్నాడు.

ఇరవై అయిదో తారీకున అతను ఆ గడప తొక్కలేడు. అందుకే ఏటా ఇరవై నాలుగునే వచ్చిపోతాడు.

"వచ్చినవా బై," మల్లేష్ లోపలి నుంచే అన్నాడు. బండి చప్పుడు అతనికి ఎరుకే.

రేకుల కింద, కాళ్ళ నడుమ ఇనప కుర్చీ చట్రం బిగించుకుని, ప్లాస్టిక్ వైరు అల్లుతున్నాడు. చుట్టుపక్కల గోదాముల వాచ్‌మెన్లు, లారీ ఆఫీసుల గుమాస్తాలు కూర్చునేవన్నీ అతను అల్లిన కుర్చీలే. వేళ్ళు వాటి పాటికి అవి వైరును కిందికీ పైకీ దూరుస్తుంటే, నల్ల అద్దాల వెనక మొహం మాత్రం మాట్లాడే వాళ్ళ వైపే ఉంటుంది.

మల్లేష్ తల్లి కౌసల్యమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మొదటి మాట ఏమిటో నదీమ్‌కు తెలుసు. పన్నెండేళ్ళుగా మారలేదు.

"మీ అమ్మ గుండె ఎట్లున్నది కొడుకా?"

"మంచిగున్నది పెద్దమ్మా."

"మొన్న శుక్రారం దర్గకు పోయి ఆమె పేరు మీద ఊదు ఏయించిన. జెర మెట్లు గిట్ల ఎక్కనియ్యకు."

"సరే పెద్దమ్మా."

ఆమె అంట్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళింది. నదీమ్ కేకు డబ్బాను స్టూలు మీద పెట్టబోయాడు. స్టూలు మీద ల్యాప్‌టాప్ ఉంది. దాని ముందు మల్లేష్ కూతురు హర్షిణి, ఒళ్ళో నోటుబుక్కు, చెవి వెనక పెన్ను. సంగారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం. తండ్రికి కళ్ళు పోయినప్పుడు ఆమెకు ఏడేళ్ళు. టీవీలో సినిమా వస్తుంటే పక్కన కూర్చుని, "బాపూ, ఇప్పుడు హీరో మెట్లు దిగుతుండు, ఎర్రంగి ఏసిండు," అని చెప్పడం అప్పటి నుంచే అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు ఆమెను నలుగురిలో నిలబెట్టింది. రేపు క్రిస్మస్ మధ్యాహ్నం ముత్తంగి చర్చి హాల్లో, చూపు లేని వాళ్ళ కోసం మైకులో కథ చెబుతూ వరసగా మూడు సినిమాలు వేయబోతోంది.

"చాచా, మంచి టైముకొచ్చినవ్, కూసో. రేపు ఏసే మూడు సినిమాలు క్రిస్మస్ నాడు రిలీజైనయే. గని క్రిస్మస్ సినిమాలు కావు. ఒకదాంట్ల దొంగ శాంటా డ్రెస్సు ఏస్కొని పోలీసోల్ల నడుమకెల్లి పారిపోతడు, గంతే క్రిస్మస్. ఇంకోదాంట్ల హీరోయిన్ ఫోనుకు క్రిస్మస్ పాట రింగ్‌టోను. పాస్టర్ సారు అడిగిండు, వీట్లల్ల పండుగ ఏడున్నదమ్మా అని. ఎతికితే దొరుకుతది సార్ అన్న."

"ఎతికితే ఏదైనా దొరుకుతది," అని నవ్వాడు మల్లేష్.

నదీమ్ కూడా నవ్వాడు. "మూడోది ఏంది మరి?"

"ఘాట్ రోడ్డు బస్సు. పన్నెండేండ్ల కిందటిది."

పేరు చెవిన పడగానే నదీమ్ చేతిలో డబ్బా బరువెక్కింది. దాన్ని నేల మీద పెట్టాడు. పన్నెండేళ్ళలో ఆ సినిమా టీవీలో ఎన్నోసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా అతను ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాడు. కొన్నాళ్ళకు ఖుష్నుమాయే ఛానల్ మార్చడం మొదలుపెట్టింది, ఎందుకని అడగకుండా.

"దీంతోనే పరేషాన్ అయితున్న," అంది హర్షిణి. "కొండల మీద పాత బస్సు, దాని డ్రైవరు, రోజూ అదే బస్సుల పోయే ముసలి నర్సమ్మ. మంచి కథ. అప్పటి పేపర్ల ఒక రివ్యూ దొరికింది. ఇంటర్వెల్ అయినంక నర్సమ్మ ఇంట్ల క్రిస్మస్ సీను ఉన్నదట, హాలు మొత్తం నవ్విందట. గని నా దగ్గరున్న సినిమాల ఆ సీను లేనే లేదు. నిడివి ఎక్కువైందని రెండో రోజుకే పదిహేను నిమిషాలు కోసేసిన్రట. ఇగ టీవీల గాని, ఆన్‌లైన్ల గాని ఏడ లేదు. ఎంతమందిని అడిగిన్నో. మొదటి రోజు చూసినోల్లు ఒక్కరు దొరుకుతలేరు."

"ఫ్లాపు సినిమా కదా. ఎవలు వోయుంటరు," అన్నాడు మల్లేష్.

"మిగిలింది ఒక్క ముక్కనే బాపూ. ఇన్ను." ఆమె బటన్ నొక్కి, రేపు మైకులో చెప్పే గొంతుతో మొదలుపెట్టింది. "మంచు కురుస్తోంది. నర్సమ్మ ఇంటి కిటికీ. కిటికీలో ఎర్ర కాగితం నక్షత్రం. లోపల బల్ల మీద కేకు, మూడు ముక్కలుగా కోసి ఉంది. నర్సమ్మ ఒక కుర్చీలో, డ్రైవరు ఇంకో కుర్చీలో..." బొమ్మ ఆపింది. "గంతే. మల్ల పొద్దున అయితది. ఉన్నది ఇద్దరు, ముక్కలు మూడు. ఎందుకు? నా లెక్కల ఆమెకు సచ్చిపోయిన కొడుకుండొచ్చు. వాని పేరు మీద మూడో ముక్క. రేపు అట్లనే చెప్పనా?"

"సినిమావాళ్ళు లెక్క తప్పిండొచ్చు బిడ్డా."

"కొడుకే బాపూ. ఏడిపించే సీనే అయ్యుంటది."

"కాదు," అన్నాడు నదీమ్. "మూడోది బస్సుకు."

ఆ మాట అనాలని అతను అనుకోలేదు. పన్నెండేళ్ళుగా నాలుక కింద దాచుకున్నది, ఎవరో తప్పు చెబుతుంటే సరిదిద్దే మామూలు అలవాటు కొద్దీ, తనంతట తానే జారి బయటపడింది.

హర్షిణి ఎగిరి గంతేసింది. "చాచా! నువ్వు చూసినవా? మొదటి రోజా?"

"లేదు లేదు... కంపెనీల ఎవలో చెప్పంగ ఇన్న."

"ఎవరు? వాళ్ళ నంబరియ్యి చాచా, నీ కాల్మొక్కుత!"

మల్లేష్ వేళ్ళు ఆగిపోయాయి. సగం దూరిన వైరు అలాగే చట్రం మీద వేలాడుతోంది.

"బిడ్డా," అన్నాడు. "పాలు లేవు. రింగు రోడ్డు కాడి దుకాణంలకెల్లి రెండు ప్యాకెట్లు తేపో."

"ఇంట్ల ఉన్నయ్ గదా బాపూ."

"ఇంకో రెండు తే."

ఆమె తండ్రినీ నదీమ్‌నూ మార్చి మార్చి చూసింది. తర్వాత చున్నీ సర్దుకుని, "చాచా, నేనొచ్చేదాక పోవద్దు, నంబరు కావాలె," అని చెప్పి వెళ్ళింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగే దాకా మల్లేష్ చెవి అటే పెట్టాడు.

"ఎవలు చెప్పిన్రు?" అన్నాడు మల్లేష్.

ఇప్పుడైనా తప్పించుకోవచ్చు. కంపెనీ వదిలి సొంతూరు పోయిన వాళ్ళు ఎంతమంది లేరు? ఏదో ఒక పేరు చెబితే సరిపోతుంది. నదీమ్ పేరు కోసం వెతికాడు కూడా. తీరా నోరు తెరిచేసరికి ఏ పేరూ రాలేదు.

"ఎవలు లేరు. నేనే జూసిన."

"మొదటి రోజే?"

"మొదటి రోజే."

"మరి మీ అమ్మ?"

"అమ్మీకి ఏం కాలే మల్లేష్. ఎన్నడూ ఏం కాలే."

మల్లేష్ కుర్చీ చట్రాన్ని కాళ్ళ నడుమ నుంచి తీసి, పక్కన గోడకు నిదానంగా ఆనించాడు. చేతులు రెండూ ఖాళీగా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ చేతులను చూసి నదీమ్ లేచి అతని ముందు నేల మీద కూర్చున్నాడు.

"కొట్టు," అన్నాడు.

"కొడితే నీకు నిమ్మళమైతది. అందుకే కొట్ట."

గోదాముల వైపు ఏదో లారీ వెనక్కి వస్తూ కూతపెడుతోంది. అది ఆగే దాకా మల్లేష్ ఆగాడు.

"సినిమా చెప్పు."

"మల్లేష్..."

"నా బిడ్డ ఇన్ని సినిమాలు చెప్పింది. నువ్వు ఒక్కటి చెప్పు. నువ్వు ఆ పొద్దు ఏం జూసినవో అదంత చెప్పు. ఆట ఎన్నింటికి మొదలైంది?"

"రెండున్నరకు."

"రెండున్నరకు నేను డ్రెస్సు మార్చుకొని ప్లాంట్ల దిగిన. నీ పేరు మీదున్న హెల్మెటే పెట్టుకున్న. తెర మీద ఏమున్నది?"

"పొగమంచు. దాంట్లకెల్లి బస్సు లైట్లు... రెండు లైట్లు అగుపడ్తయ్ ముందుగాల. ఎన్కనుంచి బస్సు వస్తది. పేర్లు పడుతయ్."

"ఊఁ."

"డ్రైవరు పాటలు పాడుకుంట నడుపుతడు. నర్సమ్మ ముందు సీట్ల కూసుంటది. రోజూ ఒక్కటే సీటు. ఎవలన్న కూసుంటె లేపుతది. జనం నవ్విన్రు."

"మూడుంబావుకు?"

"మూడుంబావుకు... పాట కావొచ్చు. బస్సుల పాట."

"మూడుంబావుకు మేం క్యాంటీన్ల చాయ్ తాగినం. క్రిస్మస్ అని ఆ పొద్దు బన్నుకు జామ్ రాసి ఇచ్చిండు క్యాంటీనాయన. నీకని ఒకటి కాగితంల చుట్టి జేబుల పెట్టుకున్న. మీ అమ్మకాడ రాత్రంత కూసుంటవ్, ఆకలైతది, షిఫ్ట్ దిగినంక దవాఖానకు పొయ్యి ఇద్దామని." మల్లేష్ గొంతులో ఏ మార్పూ లేదు. "చెప్పు. ఇంటర్వెల్ ఎన్నింటికి ఇచ్చిండు?"

"నాలుగుకు అయిదు తక్కువ."

"ఏం తిన్నవ్?"

"సమోసా."

"ఒక్కనివే?"

"ఖుష్నుమ ఉండె. ఆమె ఇంట్ల దోస్తుల ఇంటికని చెప్పి వచ్చింది. నిఖా ముందట ఒక్కసారన్న సినిమాకు తీస్కపొమ్మని నెలల సంది అడుగుతుండె. ఆ పొద్దు దప్ప వీలు గాలే."

"అచ్ఛా," అన్నాడు మల్లేష్. "ఇంటర్వెల్ అయినంక?"

నదీమ్ తల వంచుకున్నాడు. పగిలింది నాలుగూ ఇరవైకని కంపెనీ విచారణ కాగితంలో రాసి ఉంది. ఆ సమయానికి తెర మీద ఏముందో అతనికి పక్కాగా తెలుసు. అయిదున్నరకల్లా ఇంటికి చేరాలని ఖుష్నుమా గడియారం అతని ముందు పెట్టింది. నాలుగూ ఇరవై. 'ఇంకా టైముంది, కూసో,' అన్నాడతను. ఆ మాట అన్న తన గొంతు, పన్నెండేళ్ళయినా, కంపెనీ సైరన్ మోగినప్పుడల్లా వినిపిస్తుంది.

"నాలుగూ ఇరవైకి ఏమున్నది నదీమ్?"

"ఆ సీనే."

"ఏ సీను?"

"క్రిస్మస్. ఇప్పుడు హర్షిణి అడిగింది."

"చెప్పు."

"నర్సమ్మ కేకు పంచుతది. డ్రైవరుకు ఒకటిస్తది, తనొకటి తీస్కుంటది. మూడోది పళ్ళెంల పెట్టుకొని, శాలువ కప్పుకొని, మంచుల బయటికి పోతది. ఏడికి పోతుందో డ్రైవరుకు సమజ్ గాదు, ఎన్కనే ఉరుకుతడు. ఆమె సక్కగ బస్సు కాడికి పొయ్యి బానెట్ మీద పళ్ళెం పెడ్తది. 'నలభై ఏండ్లు మోసినవ్, తిను,' అంటది. హాలంత ఒక్కటే నవ్వుడు."

"నువ్వు?"

"నవ్విన."

"గట్టిగనా?"

"గట్టిగనే. ఈల గూడ ఏసిన."

"నేను గప్పుడు ఒర్లుతున్న," అన్నాడు మల్లేష్. "నీళ్ళు, నీళ్ళు అని. మొహం కడుక్కునే షవర్ ఏడున్నదో కాళ్ళకు ఎరుకే గని కాళ్ళు నడుస్తలేవు."

నదీమ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ క్షణాన వెనక నుంచి అడుగుల చప్పుడైంది. కౌసల్యమ్మ రెండు కప్పుల్లో చాయ్ పట్టుకుని వచ్చింది. నేల మీద కూర్చున్న నదీమ్‌ను చూసి విస్తుపోయింది.

"కింద కూసున్నవేంది కొడుకా? ఏమైంది? మీ అమ్మకేమన్న అయిందా?"

"అడుగుతుంది గదా," అన్నాడు మల్లేష్. "చెప్పు."

నదీమ్ ఆమె మొహంలోకి చూశాడు. బొమికలు తేలిన ఆ చేతులు పన్నెండేళ్ళు సొంత కొడుకు కళ్ళ కోసం వెలిగించాల్సిన ఊదును లేని జబ్బు కోసం వెలిగించాయని అతనికి గుర్తొచ్చింది. "అమ్మకు ఏం కాలే పెద్దమ్మా," అన్నాడు. "ఆమె గుండె ఎప్పుడూ మంచిగనే ఉన్నది."

"అల్లా సల్లగ సూడాలె," అంది కౌసల్యమ్మ తృప్తిగా. కప్పులు పెట్టి మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది. నిజం చెప్పినా అది ఆమెను చేరలేదు. అబద్ధం అంత లోతుగా దిగిపోయింది.

ఇద్దరిలో ఎవరూ చాయ్ ముట్టలేదు.

"సీను ఐపోలే," అన్నాడు మల్లేష్. "నడుమ ఆపినవ్. నీ గొంతు నాకెరుక లేదా?"

"ఇంక ఒద్దు మల్లేష్."

"చెప్పు."

"నవ్వుడు ఆగినంక... నర్సమ్మ కొంగు తీసి బస్సు లైట్లు తుడుస్తది. మంచు పట్టి ఉంటయ్. ముందు ఒకటి, మల్ల ఇంకోటి. 'కండ్లు మంచిగుంటేనే గదా నన్ను ఇంటికి తోల్కవోతవ్,' అంటది. గప్పుడు ఎవ్వలు నవ్వలే."

మల్లేష్ నల్ల అద్దాలు తీశాడు. బయటివాళ్ళ ముందు ఎప్పుడూ తీయడు. కాలి ముడుచుకుపోయిన రెప్పల మీద చేయి వేసుకున్నాడు. నదీమ్ చూపు తిప్పుకోలేదు. తిప్పుకునే హక్కు తనకు లేదనుకున్నాడు.

"సినిమాకు పోయినందుకు నాకు కోపం లేదు," అన్నాడు మల్లేష్ చివరికి. "సినిమాకు పోతా బై అంటే నేనే పొమ్మందును. నీ షిఫ్ట్ నేనే చేద్దును. నిఖా కాబోయే పిల్ల, పో, మజా చెయ్యి అందును. నువ్వు అబద్ధం ఎందుకు చెప్పినవ్ అనేది గూడ నేను అడుగుత లేను. ఇంకో మాట అడుగుత."

"అడుగు."

"ఆ పొద్దున షిఫ్ట్ సంగతి చెప్పి గేటు దాక పోయినవ్. మల్ల ఎన్కకు మల్లినవ్. ఏమన్నవ్, యాదికున్నదా?"

నదీమ్ కళ్ళు గేటు వైపు పోయాయి.

"నాకున్నది," అన్నాడు మల్లేష్. "'మూడో నంబరు కాడ జెర పైలం,' అన్నవ్. పన్నెండేండ్లు ఆ మాట తల్సుకొని మురిసిన. తల్లికి బాగలేని పరేషాన్ల గూడ నా గురించి సోంచాయించిండు, గిట్లాంటి దోస్తు ఎవలికి దొరుకుతడు అని మా అమ్మకు చెప్పిన, నా బిడ్డకు చెప్పిన. ఇప్పుడు అంటున్నవ్, తల్లికేం కాలేదని. మరి పరేషాన్ లేదు గదా. తొమ్మిది రియాక్టర్లున్నయ్. మూడో నంబరే ఎందుకన్నవ్ నదీమ్?"

ఇక్కడ ఒక సంగతి మీకూ చెప్పాలి. ఇన్ని వారాలు దాచానని కోప్పడకండి. నదీమ్ తనకు తాను కూడా చెప్పుకోకుండా తొక్కిపెట్టిన సంగతి అది. సినిమా గురించిన అబద్ధం అతన్ని పన్నెండేళ్ళు బాధించింది నిజమే. కానీ దాన్ని బాధించనిచ్చాడు, దాని అడుగున ఉన్నదాన్ని చూడకుండా ఉండడానికి.

ఇరవై నాలుగున షిఫ్టు దిగేముందు నదీమ్ ఆ సైట్ గ్లాసు అంచున వెంట్రుకంత గీత చూశాడు. గోటితో తడిమాడు. గోరు పట్టింది. లాగ్‌బుక్కులో ఒక్క వరస రాస్తే ఆ రియాక్టరును ఆపేసేవాళ్ళు. మర్నాడు అద్దం మార్చేటప్పుడు, రాసినవాడు దగ్గరుండి సంతకం చేయాలి. అంటే ఇరవై అయిదు పొద్దంతా ప్లాంటులోనే, షిఫ్టు ఇంకొకరికి అప్పగించే వీలు లేదు. ఖుష్నుమా అప్పటికే మూడుసార్లు అడిగి ఉంది. నదీమ్ పెన్ను తీశాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఒక్క రోజు ఆగదా అనుకున్నాడు.

అది ఒక్క రోజు ఆగలేదు. ఒక రాత్రీ ఒక పూటా ఆగింది.

"చూసిన," అన్నాడు నదీమ్. "ముందు రోజు చూసిన. అద్దానికి గీత వడ్డది. రాస్తే నన్ను ఆపుతరని రాయలే."

మల్లేష్ అరుస్తాడనుకున్నాడు నదీమ్. అతను చేతివేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ విప్పుతూ ఉన్నాడు, వైరు లేకుండానే అల్లుతున్నట్టు.

"కాగితంల ఏం రాసిన్రో ఎరుకనా నీకు?" అన్నాడు. "ఆపరేటరు తప్పిదం. నేను స్టీము ఎక్కువ ఇడిసిన్నట. నేను గూడ నమ్మిన. పన్నెండేండ్లు నదీమ్! పండుకునేటప్పుడు రోజూ లెక్కవెడుత. వాల్వు ఎన్ని సుట్లు తిప్పిన? రెండా, మూడా? పరాయి షిఫ్ట్‌ల ఆగమాగం చేసిన్నా? నా బిడ్డకు ఏమని చెప్పిన్నో ఎరుకనా? నా తప్పుతోనే నా కండ్లు పోయినయ్ బిడ్డా, ఎవల్నీ అనకు, పని కాడ పైలంగ ఉండాలె అని. అది గూడ తలకాయ ఊపింది. ఆ మాట నమ్ముకుంటనే పెద్దగైంది."

నదీమ్ చేతులు జోడించాడు. అది మల్లేష్‌కు కనబడదని జోడించాక గానీ గుర్తు రాలేదు.

"నేను కంపెనీల రాసిస్త. ఇయ్యాలనే రాసిస్త. నా నౌకరి పోతే పోనీ."

"రాస్తవ్. నువ్వే రాస్తవ్," అన్నాడు మల్లేష్. "గని ముందుగాల కాగితం కాదు."

వీధి మలుపులో చెప్పుల చప్పుడు వినిపించింది. హర్షిణి పరుగులాంటి నడకతో వస్తోంది. మల్లేష్ నల్ల అద్దాలు పెట్టుకున్నాడు. చేయి చాపి గోడను తడిమి, చట్రాన్ని వెతుక్కుని మళ్ళీ కాళ్ళ నడుమకు లాక్కున్నాడు. జారిన వైరు కొసను వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఇగో బాపూ, పాలు!" ఆమె ప్యాకెట్లు కిటికీలో పెట్టేసి, నోటుబుక్కు తెరిచి, నదీమ్ ఎదుటే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆయాసంతో మొహం ఎర్రబడింది. "తొవ్వల సమజయింది నాకు. ఎవలో చెప్పంగ ఇన్నదైతే గంత జల్దీ నోట్లకెల్లి రాదు. నువ్వే చూసినవ్ గదా చాచా? మూడో ముక్క బస్సుకు. వారెవ్వా! ఇగ మొదటికెల్లి చెప్పు, ఒక్కటి ఇడువద్దు. రేపు మైకుల నీ పేరు చెప్పి మరీ చెప్త."

నదీమ్ మల్లేష్ వైపు చూశాడు.

"సినిమా ఆఖర్కి చెప్తడు బిడ్డా," అన్నాడు మల్లేష్, వైరును కిందికి దూరుస్తూ. "ముందుగాల చాచా నీకు ఇంకోటి చెప్పాలె. అద్దం కాడికెల్లి మొదలుపెట్టు నదీమ్."

"ఏ అద్దం?" అంది హర్షిణి. పెన్ను మూత పళ్ళతో తీసి పట్టుకుంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"నీకప్పుడు ఏడేండ్లు బిడ్డా," అన్నాడు నదీమ్.